రాతిపురుగుకి తలుపుంటుంది

పోయిన ఆదివారం చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తుంటే శ్రావణి వచ్చింది. కామాటిపురలో మా పక్క ఖోలీలో ఉండిన యాదమ్మత్తకి కూతురి కూతురు. ఇప్పుడు వాళ్ళు వర్లీలో ఉంటారు. పిల్ల పిహెచ్‌డి చేస్తోంది. సరిగ్గా చెప్పాలంటే చేయలేక సతమతమవుతోంది. సగం రాసి ఆగిపోయిందట, గైడు ఫోన్ చేస్తే ఎత్తడం మానేసిందట. 'మన చాల్‌లో పెరిగి డాక్టరేటు తెచ్చుకున్న విజయ ఉంది కదా, పోయి అడుగు' అని వాళ్ళమ్మ చెబితే లోకల్ రైలెక్కి నా దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల తెలుగు సగం దూరం నడిచి మరాఠీలోకి దిగిపోతుంది. నన్ను మావుషీ అంటుంది, మరాఠీలో పిన్నిని పిలిచే పిలుపు. కూర్చోగానే ఫోన్ తీసి చూపించింది. అందులో ఒక ఆట ఉందట, ఫోన్ ముట్టకుండా పని చేసుకుంటే తెర మీద ఒక చెట్టు పెరుగుతుందట. "చూడు మావుషీ, అడివి అయ్యింది. థీసిస్ మాత్రం పెరగలే" అంది. నవ్వాను గానీ పిల్ల మొహం చూస్తే నవ్వొచ్చే మొహం కాదు. "నువ్వెట్ల రాసినవ్? గా చాల్‌ల, గంత లొల్లిల?" అని అడిగింది. లొల్లిలో ఎలా రాశానని అడిగిందే, ఆ లొల్లి లేకపోతే నేను రాసేదాన్నే కాదని ఈ పిల్లకి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలా అనుకున్నాను.

కామాటిపుర అనగానే బయటివాళ్ళు కనుబొమలెత్తుతారు. ఆ పేటలో వాళ్ళు అడిగే ఎర్రదీపాల గల్లీలున్నాయి, మేముండే గల్లీలూ ఉన్నాయి. జవాబు చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది కాబట్టి ఇక చెప్పను. పాలమూరు నుంచి రాళ్ళు మోయడానికి వచ్చినవాళ్ళ మనవలం మేము. చాల్ అంటే ఖోలీలనే ఒంటిగదుల వరస. ఒక్కో గదిలో ఒక్కో సంసారం, గదులన్నిటికీ కలిపి ఒకే పొడవాటి వరండా, వరండా చివర నల్లా. తెల్లారకముందే నల్లాలో నీళ్ళు వచ్చేవి. అప్పుడు తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకునేవి, బిందెలు, బకెట్లు, అరుపులు. నీళ్ళు ఆగిపోగానే ఎవరి తలుపు వాళ్ళు వేసుకుని స్టవ్వు ముట్టించేవాళ్ళు. నాయన భవనాలకి రంగులేసే పనికి పోయేవాడు, సాయంత్రం టర్పెంటైన్ వాసనతో తిరిగొచ్చేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. నాకు మా ఖోలీలో అటక ఇచ్చారు. చెక్కలతో వేసిన ఆ అటక మీద నిలబడటానికి వీల్లేదు, కూర్చుంటే నడినెత్తి రేకుకి తగిలేది. అక్కడ ఒక బియ్యం డబ్బా మీద చెక్కపలక పెట్టుకుని నేను శాస్త్రవేత్తనవుతున్నాను.

నా థీసిస్ రాతిపురుగుల మీద. వర్లీ తీరాన ఆటు సమయంలో పోతే రాళ్ళ మీద తెల్లగా, గరుకుగా, అరికాలు కోసుకునేలా గుల్లలు అతుక్కుని ఉంటాయి. ఇంగ్లీషులో బార్నకిల్ అంటారు. తెలుగులో దానికి పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, అందుకని రాతిపురుగు అని నేనే పెట్టుకున్నాను. అది నత్త జాతి కాదు, రొయ్యకి చుట్టం. పిల్లగా ఉన్నప్పుడు నీళ్ళలో ఈదుతుంది, తిరిగి తిరిగి ఒక చోటు చూసుకుంటుంది, అక్కడ తల అతికించుకుని చచ్చేదాకా కదలదు. ఎక్కడ అతుక్కుంటుంది, ఎప్పుడు, ఎందుకు అక్కడే? ఇదీ నా ప్రశ్న. అవి వచ్చి అతుక్కోవడానికి రాళ్ళ మధ్య ఇంటికప్పు పెంకులు కట్టి, ప్రతి ఆటుకీ పోయి చూసి, లెక్కలన్నీ పోగేశాను. ఇక రాయడమే తక్కువ. మా గైడు మరాఠీ ఆయన, మాట మెత్తన, ముక్కుసూటి మనిషి. అప్పటికే గడువు పొడిగించి ఉన్నారు. "ఈ వానలు మొదలయ్యేలోగా ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది. మళ్ళీ అడగడానికి నాకూ మొహం చెల్లదు" అన్నారు. అది సంక్రాంతి వెళ్ళిన కొత్త.

రాయడమే తక్కువ అనుకున్నానా, ఆ తక్కువే కొండయి కూర్చుంది. పొద్దున అటకెక్కేదాన్ని. పెన్సిళ్ళు చెక్కేదాన్ని. కాగితాలు ఒక వరసలో పేర్చి, బాగా లేదని ఇంకో వరసలో పేర్చేదాన్ని. ఒక వాక్యం రాసి, దాన్ని కొట్టేసి, దానికంటే అధ్వాన్నమైనది రాసేదాన్ని. ఇంకో పుస్తకం చదివితే గానీ మొదలుపెట్టకూడదనిపించేది. ఆ పుస్తకం చదివితే మరో రెండు చదవాలనిపించేది. పరీక్షలంటే ఎన్నడూ భయపడని దాన్ని, తెల్లకాగితానికి భయపడి నిచ్చెన దిగి నీళ్ళు తాగొచ్చేదాన్ని. ఎవరికి రాస్తున్నాను? పరీక్షించే ఇద్దరు ముగ్గురికి. వాళ్ళకి ఇవన్నీ ముందే తెలుసు. తెలిసినవాళ్ళకి తెలిసిందే చెప్పడమెందుకు? ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయేదాన్ని, సాయంత్రమయ్యేది.

కింద వరండాలో మాత్రం పని ఆగేది కాదు. భోజనాలయ్యాక ఆడవాళ్ళంతా గోడకి ఆనుకుని బారుగా కూర్చునేవాళ్ళు. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. కత్తెరతో ఆకు కోయడం, తంబాకు పరవడం, చుట్టడం, దారం వేయడం. తడి ఆకు వాసన అటక దాకా వచ్చేది, తంబాకు ఘాటుకి నేను పైనుంచి తుమ్మేదాన్ని, కిందనుంచి ఎవరో ఒకరు "సల్లగుండు" అనేవాళ్ళు. ఆ వరండాకి ఒక కట్టుబాటు ఉండేది. రోజూ ఒకరు కథ చెప్పాలి. చెప్పేవాళ్ళు ఆకు ముట్టనక్కర్లేదు, వాళ్ళ వంతు బీడీలు మిగతావాళ్ళు తలా కాసిని చుట్టి పూర్తిచేస్తారు. చేతులు ఆడుతుంటే నోరు ఆడదని, నోరు ఆడేవాళ్ళ చేతులకి సెలవు. కానీ ఒక షరతు. చెప్పిన కథ మళ్ళీ చెప్పకూడదు. చెబితే ఆ రోజు చాట ఒళ్ళోకి తీసుకోవాల్సిందే. అందరికన్నా పెద్దది పోశవ్వ. ఏళ్ళుగా చెప్పే పని ఆమెదే. రాజుల కథలు, దయ్యాల కథలు, ఊళ్ళో పంచాయితీలు. చెప్పడంలో ఆమెని మించినవాళ్ళు లేరు.

ఆ చలికాలం పోశవ్వ గొంతు పోయింది. తంబాకు దుమ్మట, డాక్టరు నోరు మెదపొద్దన్నాడు. ఆమె వచ్చి మాట్లాడకుండా కూర్చుని చుట్టుకునేది. వరండా చప్పబడిపోయింది. అదే సమయంలో మా అమ్మకి కుడి మణికట్టు పట్టేసింది. వాచిన చేతికి పసుపు పట్టు వేసుకుని, పళ్ళ మధ్య దారం కొస పట్టుకుని, అయినా చుట్టేది. అమ్మ మాటకారి కాదు. అందరూ నవ్వుతుంటే నవ్వేది, అంతే. కథ చెప్పి వంతు తప్పించుకోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. చేతికి విశ్రాంతి లేకపోతే ఇక పనికిరాదని వైద్యుడు చెప్పాడు. నేను పైన కూర్చుని అమ్మ మూలుగు వింటూ పెన్సిలు చెక్కుతున్నాను. అంతలో కిందనుంచి యాదమ్మత్త కేక వేసింది.

"ఓ ఇజయా! దినమంత పైన కూసొని ఏం పొడుస్తున్నవే? దిగి కత చెప్పు. మీ అమ్మ వంతు మేం చుడ్తం."

"నాకు కథలు రావత్తా" అన్నాను తల బయటికి పెట్టి.

"గన్నేండ్లు సదివితివి, ఒక్క కత రాదా? గా సదువు దేని మీదనో గదే చెప్పు."

అమ్మ తలెత్తి నావైపు చూసింది. రమ్మనలేదు, వద్దనలేదు. పసుపు పట్టు ఉన్న చేతిని చీర కొంగు కిందికి లాక్కుంది. నేను నిచ్చెన దిగాను.

ఏం చెప్పాలో తెలియక ఉన్నదే చెప్పాను. సముద్రంలో ఒక పురుగుంది, దానికి తల కింద, కాళ్ళు పైన. తల రాయికి అతికించుకుంటుంది, చుట్టూ సున్నపు గోడ కట్టుకుంటుంది, పైన తలుపు పెట్టుకుంటుంది. అల వస్తే తలుపు తీసి కాళ్ళు బయటికి చాపి తిండిని లోపలికి లాక్కుంటుంది. నీళ్ళు వెనక్కి పోతే తలుపు వేసుకుంటుంది.

"అరే! నల్లా ఒస్తె మనం తలుపు తీస్తం సూడు, గట్ల!" అంది యాదమ్మత్త. "కాళ్ళతోని తింటదా? థూ, గదేం రోగం?"

"దానికి పెండ్లి ఎట్లయితది మరి? కదలదంటివి" అని ఇంకొకామె.

"ఆడా మగా రెండూ అదే. కానీ పక్కన ఇంకోటి ఉంటేనే పిల్లలు పుడతాయి" అన్నాను, చెవులు ఎర్రబడుతుంటే.

"రెండు అదేనా! మస్తున్నది. మొగనితోని లొల్లే లేదు." వరండా అంతా నవ్వు. పోశవ్వ కూడా నవ్వి, గొంతు పట్టుకుని దగ్గింది. చూస్తే అమ్మ ఒళ్ళో చాట లేదు. అది ఎప్పుడో యాదమ్మత్త పక్కకి పోయింది. సాయంత్రానికి అమ్మ కట్టలన్నీ తయారు. లేస్తూ యాదమ్మత్త, "రేపు గా పురుగు జాగ ఎట్ల ఎతుక్కుంటదో చెప్పాలె" అంది.

రేపు చెప్పాలంటే ఇవాళ నాకు తెలియాలి. తెలుసని అనుకున్నవన్నీ చెప్పబోతే చెదిరిపోతున్నాయి. అందుకని మర్నాడు నల్లా నీళ్ళు పట్టగానే అటకెక్కి, మధ్యాహ్నానికి చెప్పగలిగినంత రాసుకున్నాను. ఆ పూట పెన్సిలు చెక్కినట్టు గుర్తులేదు. ఆ మర్నాడూ అంతే. పొద్దున రాసింది మధ్యాహ్నం చెప్పడం, మధ్యాహ్నం వాళ్ళు అడిగింది మర్నాడు పొద్దున రాయడం. అవి ఒకదాన్నొకటి ఎట్లా గుర్తుపడతాయి? ముసలివైతే ఏమవుతాయి? పడవకి అతుక్కున్నది పడవతో పాటు దేశాలు తిరుగుతుందా? నాకే ఆశ్చర్యమేసేది. ఇన్నాళ్ళు వీటిని లెక్కపెట్టానే గానీ, వీటిని గురించి ఇంత కుతూహలపడటం మర్చిపోయాను. ఒకరోజు రాయబుద్ధి కాక, నిన్నటిదే మాటలు మార్చి చెప్పేశాను. థీసిస్ రాసేవాళ్ళు అందరూ చేసే పనే. పోశవ్వ చాట మీద వేలితో టకటక కొట్టి, గొంతు పెగలక, నాకేసి వేలు చూపించింది. "నిన్న చెప్పిందే గదనే, కొత్త రైక తొడిగినవంతే" అంది యాదమ్మత్త. చాట నా ఒళ్ళోకి వచ్చింది. నేను చుట్టిన బీడీలు ఒకటి లావు, ఒకటి సన్నం, కొన్నిటికి ముక్కు వంకర. అమ్మ వాచిన చేత్తో వాటిని ఒక్కొక్కటే విప్పి మళ్ళీ చుట్టింది. ఆ తర్వాత రాయని రోజంటూ లేదు.

లెక్కల అధ్యాయం దగ్గర ఇరుక్కున్నాను. పట్టికలు తప్ప ఏమీ లేవు. ఈ రాయి మీద ఇన్ని, ఆ పెంకు మీద ఇన్ని. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి పట్టికే చదివాను. యాదమ్మత్త దారం తెంపుతూ, "ఈడ ఎక్కువ, ఆడ తక్కువ. అయితే ఏంది?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. మర్నాడు ఒక్కో పట్టిక ముందు పెట్టుకుని ఆ ప్రశ్నే వేసుకున్నాను. జవాబు వచ్చినవి ఉంచాను, రానివి తీసేశాను. అధ్యాయం సగమైంది. గైడు చదివి, నువ్వేం చెప్పదలుచుకున్నావో ఇన్నాళ్ళకి తెలిసింది అన్నారు. దానికి కారణమెవరో ఆయనకి చెప్పాలనిపించింది గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో అప్పుడూ తెలియలేదు.

ఎండలు ముదిరాయి. మామిడిపళ్ళ బళ్ళు నాగ్‌పాడా వైపు నుంచి వచ్చేవి, అటక రేకు కాలి చెమట కాగితం మీద పడేది. మిగిలింది ఆఖరి అధ్యాయం. అందులో నన్ను పీడించేది ఒకటే. రాతిపురుగు పిల్లలు తమవాళ్ళు ముందే ఉన్న చోటే వాలతాయి. తెలిసిన సంగతే, నా లెక్కలూ అదే చెప్పాయి. కానీ ఎవరూ లేని బోసి పెంకు మీద కూడా ఎప్పుడో ఒకటి, ఒంటరిగా, వచ్చి అతుక్కునేది. ఆ తర్వాత దాని చుట్టూ చేరేవి. ఆ మొదటిది ఎందుకు అతుక్కుంది? పక్కన ఇంకోటి రాకపోతే పిల్లల్లేరు, కదిలిపోవడానికి లేదు, బతుకు వృథా. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకుండా థీసిస్ ఎలా ముగించాలో తెలియక మళ్ళీ చెయ్యి ఆగిపోయింది. నైరుతి మబ్బులు కేరళ దగ్గరికొచ్చాయని రేడియో చెబుతోంది. ఆ మధ్యాహ్నం వరండాలో ఇదే చెప్పి, "నాకు తెలియదు" అన్నాను.

ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. తొవ్వ తప్పి ఉంటదన్నారు. తనవాళ్ళతో తగువుపడి వచ్చిందన్నారు. అది గుడ్డిదేమో అన్నది ఒకామె. కత్తెరలు ఆడుతున్నాయి, నవ్వులు. అప్పుడు మా అమ్మ మాట్లాడింది. ఆ వరండాలో ఆమె నాలుగు మాటలు కలిపి చెప్పగా నేను అంతకు ముందు వినలేదు.

"జాగ పట్టనీకి ఒచ్చింటది" అంది. "నన్ను గూడ గట్లనే కూసోబెట్టిన్రు."

"ఎవరొదినే?" అంది యాదమ్మత్త.

"మా అన్నలు. వానకాలం గుంపంత ఊరికి ఎవుసానికి పోతుండె. ఖోలీ కాలీగుంటె ఎవరన్న సొచ్చుకుంటరు గద. ఒకరిని ఇడిసిపెట్టి పోతుండ్రి. ఆ ఏడు నన్ను ఇడిసిపెట్టిన్రు. నా ఇజయ కంటె శాన చిన్నదాన్ని."

కత్తెరలు ఆగాయి. "ఒక్కదానివేనా? భయం గాలేదా?" అని యాదమ్మత్తే అడిగింది.

"అయింది. తలుపుకు ఎదురుంగ కూసుంటుంటి. మూస్తె ఇంక భయమని మూయకపోతుంటి. ఎవరన్న ఒస్తరని." అని, అంతే, పక్కామె చాటలోంచి ఒక ఆకు తీసుకుని, చెయ్యి బాగాలేదన్న సంగతి మర్చిపోయి చుట్టడం మొదలుపెట్టింది. మేముంటున్న ఖోలీ, నేనెక్కి కూర్చున్న అటక, అన్నీ ఆ వానాకాలం అమ్మ పట్టి ఉంచిన జాగాయే అని నాకు అప్పటిదాకా తెలియదు. పురుగు గురించి అన్ని ప్రశ్నలు వేసిన దాన్ని, అమ్మని ఒక్కటీ అడగలేదు.

ఆ మాట థీసిస్‌లో రాయడానికి చోటు లేదు. 'మొదటిది ఎందుకు వాలుతుందో ఈ పరిశీలన చెప్పలేదు' అని రాసి ముగించాను. చిత్రం, ఆ ఒక్క వాక్యం రాశాక నాకు భయం పోయింది. మొదటి జల్లు పడకముందే టైపు చేయించి, బైండు చేయించి ఇచ్చేశాను. ఇచ్చి వచ్చిన రోజు వరండాలో, "అయిపోయిందత్తా, ఇక చెప్పడానికేం లేదు" అన్నాను. సంతోషిస్తారనుకుంటే అందరి మొహాలూ చిన్నబోయాయి. కథ లేకపోతే అమ్మ వంతు నేను చుట్టాల్సిందే కాబట్టి చాట తెచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. పోశవ్వకి అప్పటికి గొంతు కొంచెం తేలింది. బొంగురుగా, "పాసయినవా?" అంది. ఇంకా ఫలితం రాలేదన్నాను. "మరి కత యాడ అయింది? కత కానిది మీ అమ్మ వంతు మేమెట్ల ఇడుస్తం?" అని నా చాట లాగేసుకుంది. ఫలితం వచ్చేసరికి మళ్ళీ చలికాలమైంది. యూనివర్సిటీ వాళ్ళని నేను రోజూ తిట్టుకున్నాను గానీ, వాళ్ళు ఆలస్యం చేసినంతకాలం అమ్మ చెయ్యి విశ్రాంతిగా ఉంది. అది బాగుపడింది కూడా. తరవాతి కాలంలో వేరే దేశాల వాళ్ళు ఆ మొదటి పురుగు సంగతి కొంత తేల్చారు. ఒంట్లో దాచుకున్న తిండి అయిపోతే, ఇక ఓపిక లేక, దొరికిన చోట వాలుతుందట. శాస్త్రం అదే అయి ఉంటుంది. నేను పాఠం చెప్పినన్నాళ్ళూ అదే చెప్పాను.

ఇప్పుడు మా ఫ్లాటులో నాకు రాసుకోవడానికి ఒక గది ఉంది, తలకి తగిలే రేకు లేదు, నల్లా ఎప్పుడు తిప్పినా నీళ్ళొస్తాయి. పక్క తలుపు వాళ్ళ పేరు బోర్డు చూసి తెలుసుకున్నాను. అప్పటి రోజులే మంచివని అనను. తంబాకు దుమ్ము పోశవ్వ గొంతు తిన్నది, అమ్మ దగ్గుతూనే పోయింది. కానీ ఒక పని చేస్తుంటే అది ఏమైందని అడిగేవాళ్ళు అంతమంది అప్పుడుండేవాళ్ళు. శ్రావణి దగ్గర చెట్లు పెంచే ఫోనుంది, అది అడగదు. నేను ఈ పిల్లకి వరండా సంగతి, వంతు సంగతి చెప్పి, వారం వారం వచ్చి రాసింది నాకు చెప్పమన్నాను. అమ్మ మాట మాత్రం చెప్పలేదు. అది నేను ఎవరికీ చెప్పింది కాదు.

"ఇంతకు నీ థీసిస్ దేని మీద మావుషీ?" అంది.

"సముద్రపు రాళ్ళకి అంటుకునే పురుగు మీద. తల కింద పెట్టి..."

"కాళ్ళతోని తింటది!" అని నిటారుగా కూర్చుంది. "అరే, రాతిపురుగు! గది నీదా? మా అమ్మమ్మ పండుకునేటప్పుడు చెప్తుండె. నేనేమో పాలమూరు కత అనుకున్న."

చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "ఏమని చెప్పేది?" అన్నాను.

"మొట్టమొదటి రాతిపురుగు ఒక్కతే ఒచ్చింది. ఆడ ఎవ్వరు లేరు. ఎనక ఒచ్చేటోల్లకు జాగ పట్టనీకి కూసున్నది. దానికి మస్తు భయమైంది. అయినా తలుపు మూసుకోలె, ఎవరన్న ఒస్తరని ఎదురుంగనే కూసున్నది. అందుకే రాతిపురుగుకు తలుపుంటది." చెప్పడం ఆపి నావైపు చూసింది. "ఏమయింది మావుషీ? ఏడుస్తున్నవెందుకు?"

చెప్పిన కథ మళ్ళీ చెప్పకూడదన్నది మా వరండా కట్టుబాటు. నేను చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి జరిపాను.

"ఇంకోపారి చెప్పు బిడ్డా" అన్నాను.